దోహా మత్‌హఫ్: వుజూ మండపం నుండి ప్రదర్శనశాల వరకు

మ్యూజియంను మనం తెలుగులో ‘వస్తు ప్రదర్శనశాల’ అంటున్నాము. ఉర్దూలో ‘అజాయబ్ ఘర్’ అనే వాడుక ఉన్నది. అరబ్బీలో ‘మత్‌హఫ్’ అంటారు. ‘దారుల్ ఆసార్’ అనే మరొక పేరు కూడా కలదు. ఈ నాలుగు పేర్లూ ఒకే విధమైన కట్టడాన్ని సూచించినా, లోపలికి అడుగుపెట్టే మనిషి మనసును నాలుగు విధాలుగా సిద్ధం చేస్తాయి.

ప్రదర్శనశాల అంటే వస్తువులను చూపే చోటు. అక్కడ మన పని చూడటం మాత్రమే. అజాయబ్ ఘర్ అంటే వింతల ఇల్లు. ఆశ్చర్యపడి బయటికి వస్తే సరిపోతుంది. మత్‌హఫ్ అనే మాట ‘తుహ్‌ఫా’కు, అనగా అపురూపమైన కానుకకు, సంబంధించినది. కానుక అన్నప్పుడు ఇచ్చినవారు ఉంటారు, పుచ్చుకున్నవారు ఉంటారు; పుచ్చుకున్నవారి మీద ఒక బాధ్యత కూడా ఉంటుంది. ఇక ‘ఆసార్’ అంటే అడుగుజాడలు. భూమి మీద సంచరించి పూర్వజాతుల పర్యవసానం చూడమని ప్రబోధించే సందర్భంలో, వారు విడిచిపోయిన జాడలకు దివ్య ఖుర్ఆన్ (40:21, 40:82) వాడిన పదం ఇదే.

ముస్లిం సందర్శకుడు మ్యూజియంలో ఏ చూపుతో నడవాలి అన్న ప్రశ్నకు సమాధానం ఈ చివరి రెండు పేర్లలో దొరుకుతుంది. దీనిని పరిశీలించడానికి ఖతర్ రాజధాని దోహాలోని ఇస్లామీయ కళా మ్యూజియం (మత్‌హఫ్ అల్-ఫన్న్ అల్-ఇస్లామీ) కన్నా అనువైన ఉదాహరణ లేదు. తెలంగాణ జిల్లాల నుండి, రాయలసీమ నుండి ఉపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్ళిన మన సోదరులలో చాలామంది ఆ భవనాన్ని కార్నీష్ రోడ్డు మీద నుండి చూసే ఉంటారు. లోపలికి వెళ్ళినవారు తక్కువ.

ఒక వాస్తుశిల్పి అన్వేషణ

ఈ భవనాన్ని రూపొందించినవాడు ఐ. ఎం. పై. 1917లో చైనాలో జన్మించి, అమెరికాలో స్థిరపడిన వాస్తుశిల్పి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం ముంగిట 1989లో వెలసిన గాజు పిరమిడ్ ఆయన రూపకల్పనయే. దోహా మ్యూజియం 2008 నవంబరులో ప్రారంభమైనప్పుడు ఆయన వయస్సు 91 సంవత్సరాలు. 2019లో, 102వ ఏట మరణించాడు.

ఆయన ముస్లిం కాదు. ఇస్లామీయ వాస్తుకళ గురించి తనకు తెలిసినది తక్కువని ఒప్పుకొని పని మొదలుపెట్టాడు. వృద్ధాప్యంలో, పేరుప్రతిష్ఠలు గడించిన తరువాత, ‘నాకు తెలియదు’ అనగలగడం సామాన్యమైన విషయం కాదు. ఆయన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితచరిత్ర చదివాడు. తరువాత దేశాలు తిరిగాడు. ఇస్లామీయ వాస్తుకళకు సారం ఏది? ఏ ఒక్క ప్రాంతపు అలంకారమూ కలవక ముందు దాని మూలరూపం ఏది? ఇదే ఆయన ప్రశ్న.

స్పెయిన్‌లోని ఖుర్తుబా (కార్డోబా) జామె మస్జిద్ చూశాడు. దాని అందాన్ని కాదనలేదు గాని, ఆ రంగులు, ఆ సంపన్నత తాను వెదుకుతున్న సారం కాదనుకున్నాడు. మన దేశంలోని ఫతేపూర్ సిక్రీ జామె మస్జిద్‌లో భారతీయ సంప్రదాయపు ప్రభావం కనిపించింది. డమాస్కస్‌లోని ఉమవీ మస్జిద్‌లో రోమన్, బైజాంటైన్ కాలాల ఛాయలు తోచాయి. ట్యునీషియా తీరంలోని రిబాత్‌లు, అనగా పూర్వం సరిహద్దు కాపలాదారులు ఆరాధనలోనూ కావలిలోనూ గడిపిన కోటలు, ఆయనను సారానికి కొంత దగ్గరగా తీసుకువెళ్ళాయి. ఎండ పడినప్పుడు మాత్రమే ప్రాణం పోసుకునే సాదా గోడలు అక్కడ కనిపించాయి. కడకు అన్వేషణ ఈజిప్టులో, కైరో నగరంలోని అహ్మద్ ఇబ్నె తూలూన్ మస్జిద్‌లో ముగిసింది.

గమనించవలసినది ఏమంటే, ఆయన మనసు నిలిచినది ఆ మస్జిద్ మినారు మీద కాదు, మిహ్రాబు మీద కాదు. విశాలమైన ఆవరణ నడుమ, వుజూ కోసం నిర్మించిన చిన్న మండపం మీద.

ఇబ్నె తూలూన్ ఆవరణలోని మండపం

ఇబ్నె తూలూన్ మస్జిద్ నిర్మాణం హిజ్రీ 265 (క్రీ.శ. 879)లో పూర్తయింది. ఇటుకలతో కట్టి గచ్చు పూసిన కట్టడం. నాలుగు వందల యేండ్ల తరువాత అది పాడుబడి, జనసంచారం లేని చోటుగా మారింది. 1293లో మమ్లూక్ సుల్తాన్ అల్-అష్రఫ్ ఖలీల్ హత్యకు గురయ్యాడు. అందులో పాలుపంచుకున్న అమీర్ లాజీన్ ప్రాణభయంతో ఈ పాడుబడిన మస్జిద్‌లో దాగాడనీ, బ్రతికి బయటపడితే దీనిని బాగుచేయిస్తానని మొక్కుకున్నాడనీ చరిత్రకారులు వ్రాశారు. 1296లో అతడే సుల్తాన్ అయ్యాడు, మొక్కు చెల్లించాడు. మస్జిద్‌ను మరమ్మతు చేయించి, ఆవరణ మధ్య గుంబద్ గల ఈ మండపాన్ని కట్టించాడు. రక్తం అంటిన చేతులు కట్టించినది జనం చేతులు కడుక్కునే చోటు కావడం చరిత్రలోని ఒక ఇబ్రత్.

మండపం నిర్మాణం సులభంగా గ్రహించవచ్చును. అడుగున చతురస్రం. దాని మీద ఎనిమిది పలకల అంతస్తు. ఆ పైన గుండ్రని గుంబద్. మన పూర్వపు మేస్త్రీలకు ఇది నిత్యం ఎదురైన సమస్య. గది నాలుగు మూలలు గలది, గుంబద్ గుండ్రనిది. నాలుగు గోడల మీద గుంబద్ నిలిపితే మూలలు ఖాళీగా మిగిలిపోతాయి, గుంబద్ బరువు మోసే ఆధారం ఉండదు. అందుచేత మూలమూలకు అడ్డంగా ఒక కమాను కట్టేవారు. దానితో నాలుగు భుజాలు ఎనిమిదవుతాయి. ఎనిమిది పలకలు వృత్తానికి దగ్గరివి కనుక వాటి మీద గుంబద్ కుదురుగా కూర్చుంటుంది. గోల్కొండ వద్ద కుతుబ్‌షాహీ సమాధుల లోపల నిలబడి తల ఎత్తి చూసినవారికి ఈ మూల కమానులు కనిపిస్తాయి. కైరోకూ గోల్కొండకూ మధ్య వేల మైళ్ళ దూరం, శతాబ్దాల వ్యవధి ఉన్నా లెక్క మాత్రం ఒక్కటే.

ఐ. ఎం. పై ఈ మండపంలో చూసినది అలంకారం కాదు, ఈ లెక్కనే. చతురస్రం నుండి అష్టభుజికి, అష్టభుజి నుండి వృత్తానికి సాగే క్రమం. ఒక్కొక్క పలక మీద సూర్యుడు వేరువేరుగా పరిచే వెలుగునీడలు. ఇసుక నేల, తీవ్రమైన ఎండ గల దేశంలో నీడయే అలంకారమని ఆయన నిశ్చయించాడు.

సముద్రం మీది భవనం

దోహా తీరంలో స్థలాలు చూపినప్పుడు ఆయన వాటిని అంగీకరించలేదు. రేపు చుట్టూ ఆకాశహర్మ్యాలు లేస్తే ఈ కట్టడం వాటి మధ్య అణగిపోతుందన్నది ఆయన సందేహం. అందుచేత తీరానికి సుమారు 60 మీటర్ల దూరంలో, సముద్రంలో, ప్రత్యేకంగా ఒక దీవిని ఏర్పరచి దాని మీద భవనం నిర్మించారు. ఈనాడు ఎదుటి ఒడ్డున వెస్ట్ బే ఎత్తయిన మేడలను చూసినవారికి ఆ ముందుచూపు విలువ అర్థమవుతుంది.

వెలుపలి నుండి చూస్తే లేతరంగు సున్నపురాతి పెట్టెలను ఒకదానిపై ఒకటి, కొంచెం త్రిప్పి పేర్చినట్లుంటుంది. గోడలకు పెద్ద కిటికీలు లేవు, చెక్కడాలు లేవు, రంగులు లేవు. ఉదయం ఒక ముఖం వెలుగులో, ఒక ముఖం నీడలో ఉంటుంది. సాయంకాలానికి అవి తారుమారవుతాయి. ఒకే భవనం రోజుకు పలు రూపాలు ధరిస్తుంది గాని, దాని మీద మనిషి చేసిన చిత్రలేఖనం ఏదీ లేదు.

లోపలికి ప్రవేశించగానే ఎత్తయిన నడిమి హాలు. పైన ఉక్కుపలకలతో కూర్చిన గుంబద్, దాని నడినెత్తిన వెలుగు దిగే గుండ్రని కన్ను. వృత్తం నుండి అష్టభుజి, దాని నుండి చతురస్రం, చతురస్రం నుండి త్రికోణపు పలకలు; కైరో మండపపు లెక్క ఇక్కడ పైనుండి క్రిందికి దిగుతుంది. ఈ గుంబద్ వెలుపలి వారికి కనిపించదు. చదరపు బురుజు దానిని కప్పివుంచుతుంది. ఉత్తరపు దిక్కున 45 మీటర్ల ఎత్తున నిలిచిన అద్దపు గోడ గుండా సముద్రం కనిపిస్తుంది. దక్షిణపు ఎండను రాతితో ఆపి, ఉత్తరపు చల్లని వెలుగును అద్దంతో పిలవడం ఎడారి ఇంటి పాత తెలివియే.

ఈ భవనాన్ని సరిగ్గా చూడటానికి ఒక పద్ధతి ఉన్నది. వెంటనే వస్తువుల గదులలోకి పోకుండా, నడిమి హాలులో కొంతసేపు నిలిచి వెలుగు ఎటు నుండి వస్తున్నదో, ఎక్కడ పడుతున్నదో చూడాలి. ఒక గంట తరువాత మళ్ళీ అదే చోట నిలిచి చూడాలి. నమాజు వేళలు సూర్యుని గమనంతో ముడిపడి ఉన్న సమాజానికి ఈ విధమైన చూపు కొత్త కాదు, మరచిపోయినది మాత్రమే.

అద్దాల వెనుక

ఈ మ్యూజియంలో ముస్లిం ప్రపంచపు సుమారు 14 శతాబ్దాల వస్తువులున్నాయి. కొంతకాలం మూసివేసి, గదులను తిరిగి అమర్చి, 2022 అక్టోబరులో మళ్ళీ తెరిచారు. శాశ్వత ప్రదర్శనకు 18 గదులు కేటాయించారు. ఆగ్నేయాసియాలోని ఇస్లామీయ సంస్కృతికి అప్పుడే ఒక గది చేర్చబడింది. అన్నిటినీ ఒక్క రోజులో చూడబూనడం వ్యర్థం. రెండు మూడు వస్తువుల వద్ద నిలిస్తే చాలును.

మొదటిది నీలి ఖుర్ఆన్ పత్రం. నీలిమందు రంగు వేసిన తోలుపత్రం మీద బంగారు సిరాతో కూఫీ లిపిలో వ్రాసిన ప్రాచీన ముస్‌హఫ్ అది. ఏ దేశంలో వ్రాశారన్న విషయమై పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. దీని పత్రాలలో అధికభాగం ట్యునీషియాలో ఉన్నాయి. తక్కినవి ప్రపంచమంతటా ఉన్న మ్యూజియంలకూ, సేకర్తల వద్దకూ చెదిరిపోయాయి. దాని అందం వర్ణనాతీతం. కాని ముస్‌హఫ్ అంటే ఆది నుండి అంతం వరకు పారాయణం చేయదగినది. పత్రాలు విడివిడిగా అమ్ముడైన తరువాత దానిని చేతబట్టి ఒక్క ఖత్మ్ చేయడం ఎవరికీ సాధ్యం కాదు. చూసేవారు లక్షలలో పెరిగారు. చదివేవాడు ఒక్కడూ లేడు.

రెండవది ఉస్తుర్లాబ్‌లు (నక్షత్రాల ఎత్తును కొలిచే ఇత్తడి యంత్రాలు). సూర్యుని ఎత్తు కొలిచి నమాజు వేళను, లెక్క కట్టి ఖిబ్లా దిక్కును తెలుసుకోవడానికి వీటిని ఉపయోగించేవారు. వీటి మీద తయారుచేసినవాని పేరు చెక్కడం వాడుక: ‘దీనిని చేసినవాడు ఫలానా వాని కుమారుడు ఫలానా’ అని. పనివాడు తన లెక్కకు తానే హామీపడినట్లు. ఇప్పుడు ఆ యంత్రం అద్దం వెనుక ఉన్నది. దానితో వేళ కనుగొనగలవాడు సందర్శకులలో బహుశా ఉండడు. పేరు చెక్కే ఈ ఆచారం మరొక విషయాన్నీ గుర్తుచేస్తుంది. భవనం రూపొందించిన వాస్తుశిల్పి పేరు ప్రపంచమంతా ఎరుగును. గల్ఫ్ దేశాల ఎత్తయిన కట్టడాలకు రాయి మోసిన, ఇనుము కట్టిన వేలాది పనివారి పేర్లు ఎక్కడా చెక్కబడలేదు. వారిలో మన ఊళ్ళవారూ ఉన్నారు. పూర్వపు ఇత్తడి పనివానికి దక్కిన ఆ గౌరవం నేటి శ్రామికునికి ఎందుకు దక్కలేదన్న ప్రశ్న మ్యూజియం నుండి తీసుకురావలసిన ప్రశ్నలలో ఒకటి.

మూడవది షాజహాన్ చక్రవర్తి జేడ్ రాతి పతకం. హిజ్రీ 1041 (క్రీ.శ. 1631–32) నాటిది, ఖుర్ఆన్ వాక్యం చెక్కబడినది. గుండెదడకు ఉపశమనమనే నమ్మకంతో ఇటువంటి పతకాలను గుండె మీద ధరించేవారు, ‘హౌల్‌దిలీ’ అనేవారు. బేగం ముంతాజ్ మహల్ బుర్హాన్‌పూర్‌లో మరణించినది 1631లోనే. ఇటువంటి ధారణను ధర్మశాస్త్రం ఎంతవరకు అనుమతిస్తుందన్నది వేరే చర్చ. ఇక్కడ గ్రహించవలసినది, తాజ్‌మహల్ కట్టించినవానికి కూడా గుండె దడదడలాడిందన్నది. ఆ గుండె ఇప్పుడు లేదు, రాయి మాత్రం ఉన్నది.

ఈ మూడింటిలోనూ కనిపించే సత్యం ఒక్కటే. ఇవి చూపడానికి చేసినవి కావు, వాడటానికి చేసినవి. ముస్‌హఫ్ చదవడానికి, ఉస్తుర్లాబ్ కొలవడానికి, పతకం ధరించడానికి. మ్యూజియం వాటిని కాలం నుండి, చెదల నుండి, చేతివాటం నుండి కాపాడుతుంది. ప్రతిఫలంగా వాటి పనిని తీసివేస్తుంది. ఇది మ్యూజియం దోషమని చెప్పలేము. వాడుక ఆగిన చోటనే మ్యూజియం మొదలవుతుంది. కనుక ముస్లిం సందర్శకుడు ప్రతి వస్తువు ముందూ ‘ఇది ఎంత విలువైనది?’ అని కాక, ‘ఇది ఏ పని చేసేది? ఆ పని ఇప్పుడు మనలో ఎవరు చేస్తున్నారు?’ అని అడగాలి. చూపు ఇబ్రత్‌గా మారేది ఈ ప్రశ్నతోనే.

బొమ్మల ప్రశ్న

మ్యూజియంలో ప్రాణుల బొమ్మలు కూడా ఉంటాయి గదా, అక్కడికి పోవచ్చునా అని కొందరు సోదరులు అడుగుతారు. ఈ వ్యాసం ఫత్వా కాదు. తమ ప్రాంతపు విశ్వసనీయులైన ఉలమాను సంప్రదించడమే మార్గం. చారిత్రక విషయం మాత్రం చెప్పవచ్చును. జెరూసలేంలోని ఖుబ్బతుస్సఖ్రా (హిజ్రీ 72) కుడ్యాలంకారంలో లతలు, చెట్లు, అక్షరాలే గాని ప్రాణుల బొమ్మలు లేవు. డమాస్కస్ ఉమవీ మస్జిద్‌లో చెట్లు, నదులు, భవనాలు ఉన్నాయి గాని మనుషులు లేరు. అదే ఉమవీల కాలంలో జోర్డాన్ ఎడారిలోని ఖుసైర్ అమ్రా విడిదిలో మనుషుల, జంతువుల చిత్రాలు గోడల నిండా ఉన్నాయి. రాజులు తమ విలాసమందిరాలలో ఏమి చేసినా, ఆరాధనాస్థలంలో ఆ హద్దు దాటలేదు. ఫుఖహా కూడా గౌరవంగా నిలబెట్టిన బొమ్మకూ, కాలి క్రింది పరుపు మీది బొమ్మకూ భేదం పాటించారు. దోహా మ్యూజియంలో ఉన్నవి ఒక నాగరికత చేసిన వస్తువులు. అందులో ఆ నాగరికత ఆచరించిన ధర్మమూ ఉన్నది, అతిక్రమించినదీ ఉన్నది. ‘ఇస్లామీయ కళ’ అనే పేరు చూసి అక్కడి ప్రతి వస్తువునూ ఇస్లాం బోధగా భావించడం పొరపాటు.

నేటి కళాకారుని ఉక్కు స్తంభం

ప్రక్కనే ఉన్న ఉద్యానవనంలో, సముద్రపు అంచున, ఒక ఆధునిక శిల్పం 2011 నుండి నిలిచి ఉన్నది. అమెరికా కళాకారుడు రిచర్డ్ సెర్రా చేసిన దాని పేరు కేవలం ‘7’. ఏడు ఉక్కు పలకలు, సుమారు 24 మీటర్ల ఎత్తు. ఆఫ్ఘనిస్తాన్‌లోని గజ్నీ మినారు తనకు ప్రేరణ అని ఆయన చెప్పాడు. ఏడు అనే సంఖ్య విషయంలో 10వ శతాబ్దపు గణిత పండితుడు అబూ సహల్ అల్-కూహీని స్మరించాడు. సమ సప్తభుజిని అడుగుబద్దతోనూ వృత్తలేఖినితోనూ మాత్రమే గీయడం సాధ్యం కాదు. శంకువును కోస్తే ఏర్పడే వక్రరేఖల సహాయంతో అల్-కూహీ దానిని సాధించాడు.

ఆధునిక కళ అంటే అర్థం లేని ఇనుపముక్కలని తీసిపారేసేవారు ఈ స్తంభం లోపల నిలబడి చూడాలి. అందులో బొమ్మ లేదు, కథ లేదు. లెక్క, ఉక్కు, పైన ఏడు పలకల నడుమ ఆకాశం, అంతే. బొమ్మ లేకుండా మనసును పైకి తీసుకువెళ్ళే మార్గాన్ని మన మేస్త్రీలు వెయ్యేండ్ల క్రిందటే నడిచారు. ఒక పరదేశీయుడు దానిని గుర్తించి తన శిల్పంలో చెప్పుకొన్నాడు. మన మదరసా విద్యార్థులలో అల్-కూహీ పేరు విన్నవారు ఎందరు?

మనకు ఇందులో ఏమున్నది?

దోహా పోలేనివారు నిరాశ చెందనక్కరలేదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో అరుదైన ఖుర్ఆన్ ప్రతులున్నాయి. ప్రఖ్యాత లేఖకుడు యాఖూత్ అల్-ముస్తఅ్‌సిమీ వ్రాసినదిగా చెప్పబడే ఒక ప్రతి మీద మొగలు చక్రవర్తుల సంతకాలున్నాయి. పైన చెప్పిన ప్రశ్నలను అక్కడ కూడా అడగవచ్చును.

అంతకన్నా ముఖ్యమైన కర్తవ్యాలు మన మహల్లాలలోనే ఉన్నాయి. ఒకటి గ్రంథాల విషయం. పాత మస్జిద్‌ల అల్మారాలలో, వృద్ధుల ఇండ్లలో చేతివ్రాత ప్రతులు ఉండవచ్చును. అవి ఏమిటో చూడకుండానే, ‘పాతబడ్డాయి’ అని మూటగట్టి బావిలోనో భూమిలోనో వేయడం కద్దు. శిథిలమైన ముస్‌హఫ్‌ను గౌరవంగా భూస్థాపితం చేయడం సరియైనదే; కాని దానికి ముందు చదవగలిగినవానికి ఒకసారి చూపించాలి. వ్రాసినవాని పేరు, సంవత్సరం, వక్ఫ్ చేసినవారి పేరు చివరి పుటలో ఉండవచ్చును. ఒక ఊరి ముస్లిముల చరిత్రకు ఆ ఒక్క పుటయే సాక్ష్యం కావచ్చును.

రెండవది మస్జిద్ నిర్మాణం. పాత మస్జిద్ చిన్నదైనప్పుడు పెంచక తప్పదు. కాని పెంచేటప్పుడు మన కమిటీలు మొదట ఆలోచించేది టైల్స్ రంగు, మినారు ఎత్తు, దీపాల తోరణం. హౌజ్ పూడ్చి, గోడకు కొళాయిలు బిగించి, మిగిలిన చోట మడిగెలు కట్టించడం పరిపాటి అయింది. ఐ. ఎం. పై దేశాలన్నీ తిరిగి, ఇస్లామీయ వాస్తుకళా సారం ఎక్కడున్నదని వెదకి, కడకు చేయి ఉంచినది ఒక వుజూ మండపం మీద! మనం మొట్టమొదట కూలగొట్టేది దానినే. కట్టవద్దని గాని, ఖర్చు పెట్టవద్దని గాని చెప్పడం లేదు. ఎండ ఎటు నుండి వస్తుంది, గాలి ఎటు వీస్తుంది, ముసలివారు వుజూకు కూర్చునే చోట నీడ ఉన్నదా అనే మూడు ప్రశ్నలను మేస్త్రీతో ముందుగా మాట్లాడటానికి డబ్బు అక్కరలేదు.

అద్దం వెనుకకు చేరిన వస్తువును తిరిగి వాడుకలోకి తేలేము. ఇంకా వాడుకలో ఉన్నదానిని అద్దం వెనుకకు పోకుండా నిలుపుకోవడం మన చేతిలో ఉన్నది. పూర్వులు మనకిచ్చిన తుహ్‌ఫాను అమానత్‌గా కాపాడే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక.